తొమ్మిదో గ్రూపు

"ఎక్కేశాయి! అన్నీ ఎక్కేశాయి!"

తమ్ముడు కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. కాఫీ ఒలికింది. ఎవరూ పట్టించుకోలేదు.

రక్తం కావలసినవాళ్ళనూ ఇచ్చేవాళ్ళనూ కలిపే వెబ్‌సైటు అది. అక్కాతమ్ముళ్ళిద్దరే ఏడాదిగా కూర్చుని తయారుచేశారు. జనం తమ వివరాలు నింపాలంటే, ఎంచుకోవడానికి ఆసుపత్రులూ, వీధులూ, రక్తం గ్రూపులూ ముందే డేటాబేస్‌లో ఉండాలి. పొద్దున్నుంచీ ఎక్కిస్తున్నది అవే.

"ఇంకాసేపట్లో తెరిచేద్దాంరా!" అంది అక్క.

అప్పుడే తలుపు దగ్గర ఎవరో దగ్గారు.

ఉన్ని టోపీ పెట్టుకున్న పెద్దాయన. మెట్లెక్కి వచ్చి ఆయాసపడుతున్నాడు.

"కింద బోర్డు చూసొచ్చానమ్మా. నా పేరు కూడా రాసుకుంటారా?"

"రండి బాబాయ్ గారూ, బోణీ మీదే!" తమ్ముడు కుర్చీ లాగాడు. "గ్రూపు చెప్పండి."

"హెచ్‌హెచ్."

తమ్ముడికి నవ్వాగలేదు. "ఇదేం గ్రూపండీ, నవ్వినట్టుంది!"

పెద్దాయనా నవ్వాడు. "నిజమే బాబూ. వేలల్లో ఒకరికి ఉంటుందట. అందరికీ పడే 'ఓ' గ్రూపు రక్తం కూడా మాకు పడదు. నాలాంటివాళ్ళు ఇంకెవరైనా ఉన్నారేమో చూద్దామని..."

తమ్ముడు పట్టిక తెరిచాడు. గ్రూపులు ఎనిమిదే ఉన్నాయి. అందులో అది లేదు.

"పోనీ, 'ఓ' అని పెట్టేద్దామా?"

"వద్దు బాబూ, ప్రాణం మీదకొస్తుంది. అదొక్కటీ కలపలేరా?"

అక్క గడియారం వైపు చూసింది. ఇప్పుడు పట్టికలో వేలు పెడితే మళ్ళీ అన్నీ సరిచూసుకోవాలి.

"రేపు తప్పకుండా కలుపుతామండీ. రేపు రండి."

"రేపా..." ఆయన మెల్లగా లేచాడు. "సరేనమ్మా. మంచి పని చేస్తున్నారు. చల్లగా ఉండండి."

వెబ్‌సైటు తెరుచుకుంది. పేర్లు వచ్చిపడుతున్నాయి. ఒక్కో పేరుకీ తమ్ముడు ఒక్కో కేక పెడుతున్నాడు.

ఇంతలో ఫోన్ మోగింది. పెద్దాసుపత్రి డాక్టరమ్మ.

"మీ దాంట్లో హెచ్‌హెచ్ గ్రూపువాళ్ళు ఎవరైనా ఉన్నారా? కాన్పు కష్టమైంది. తల్లికి రక్తం ఆగడం లేదు. తొందరగా చూడండి!"

అక్క ఆ మాటలే తమ్ముడికి చెప్పింది.

"టోపీ బాబాయ్!" అంటూ తమ్ముడు మెట్ల మీద పడుతూ లేస్తూ పరుగెత్తాడు. బస్టాపు, మందుల షాపు, పార్కు బెంచీలు... ఆయన జాడ లేదు.

పైన అక్క తొమ్మిదో గ్రూపు కలిపింది. ఒకే ఒక్క వరుస. నిమిషం కూడా పట్టలేదు. ఆ సంగతే ఆమెను ముల్లులా పొడిచింది.

వెంటనే ఊరూవాడా కబురు పెట్టింది.

కాసేపటికి తెర మీద ఒక పేరు మెరిసింది. పక్క ఊరి పంతులమ్మ. గ్రూపు హెచ్‌హెచ్!

"దొరికిందిరా!" అక్క అరుపు వీధిలో ఉన్న తమ్ముడికి వినిపించింది.

పంతులమ్మతో కలిసి ముగ్గురూ ఆసుపత్రికి చేరేసరికి డాక్టరమ్మ నవ్వుతూ ఎదురొచ్చింది.

"తల్లీబిడ్డా క్షేమం! ఒక ప్యాకెట్ రక్తం దొరికింది."

అక్క తమ్ముణ్ణి వాటేసుకుంది.

"ఉన్ని టోపీ పెద్దాయనే కదండీ ఇచ్చింది?" తమ్ముడి కళ్ళు మెరిశాయి. "నాకు తెలుసు, ఆయన ఇవ్వడానికే వచ్చుంటారు!"

"ఇచ్చింది ఆయనే."

"అయితే నేనిక వెళ్ళనా?" పంతులమ్మ సంచీ భుజాన వేసుకుంది.

"వెళ్ళకండమ్మా," డాక్టరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఆ ప్యాకెట్, రేపటి తన గుండె ఆపరేషన్ కోసం ఆయన ముందే తీయించి మా దగ్గర దాచుకున్న సొంత రక్తం."