మూడు నీళ్ళు

"యంత్రం తప్పు చూపించి ఉంటుంది," అన్నాడు సాత్కిన్.

"రెండుసార్లు పెట్టి చూశాను," అంది రైసా. "రెండుసార్లూ అదే అంకె."

గని గేటు పక్కనే రైసా పనిచేసే కొలతల గది. లోపలికి దిగేవాళ్ళు చొక్కాకి పెట్టుకునే బిళ్ళల్ని ఆర్నెల్లకోసారి అక్కడ ఇచ్చి రావాలి. ఎవరి ఒంటికి ఎంత కిరణం తగిలిందో ఆ బిళ్ళ చెబుతుంది. మూడు రోజుల క్రితం ఇచ్చిన వాటి ఫలితాలు ఇవాళ వచ్చాయి. ఇరవై రెండేళ్ళుగా సాత్కిన్ బిళ్ళ శుభ్రంగానే ఉండేది. ఈసారి ప్రమాదపు గీత దాటింది. కాస్తా కూస్తా కాదు, రెండింతలు.

వెనక వరసలో నిలబడ్డ ఒర్మోన్ తల ముందుకు పెట్టి చూశాడు. "ఏం బాబాయ్, బిళ్ళని పొయ్యి మీద పెట్టి కాల్చావా?"

వరసంతా నవ్వింది. సాత్కిన్ నవ్వలేదు.

గీత దాటినవాణ్ణి మళ్ళీ గనిలోకి దించరు. ఇంకో ఎనిమిది నెలలు దిగితే అతనికి గని పింఛను వచ్చేది. ఇప్పుడిక పైన గేటు దగ్గర మంచు ఊడ్చుకోవాలి. ఆ సంగతి రైసా చెప్పకముందే అతనికి తెలుసు. అయినా ఆమె తలుపు మూసి, కుర్చీ చూపించింది.

"ఒక మాట చెప్పనా? వీళ్ళలో సగంమంది బిళ్ళని ఎక్కడో పడేసి దిగుతారు, అంకె పెరిగితే పని పోతుందని. నాకు తెలీదనుకుంటారు. మీరొక్కరే పద్ధతిగా పెట్టుకున్నట్టున్నారు. పద్ధతిగా ఉన్నందుకు దక్కింది ఇదీ."

సాత్కిన్ టోపీ అంచు నలుపుతూ కూర్చున్నాడు. ఇది మనిషిని ఏం చేస్తుందని అడిగాడు. ఇన్నేళ్ళలో అతను ఆ ప్రశ్న అడగడం అదే మొదలు.

ఇవాళ ఏమీ చెయ్యదంది రైసా. నొప్పి ఉండదు, మంట ఉండదు. రోజూ ఇంత, రోజూ ఇంత. పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో కొందరికి నెత్తుట్లో బయటపడుతుంది, కొందరికి ఎముకల్లో. కొందరికి అసలు పడదు. ఎవరికి పడుతుందో చెప్పే యంత్రం తన దగ్గర లేదంది.

"చిన్నపిల్లలకైతే?"

"పెరిగే ఒళ్ళు కదా, వాళ్ళకే ఎక్కువ ప్రమాదం. మీకెందుకది? గనిలోకి పిల్లలెవరు దిగుతారు?"

సాత్కిన్ లేచాడు. సంతకం పెట్టమని ఆమె వెనక నుంచి పిలుస్తున్నా వినిపించుకోకుండా వెళ్ళిపోయాడు.

అతని ఇల్లు వాగుకి పైన ఉంది. పెళ్ళైన ఏడు కట్టుకున్నాడు. గనిలోంచి తవ్వి బయట పోసిన గుట్టల నుంచి బూడిదరంగు రాయి ఎవరికి ఎంత కావాలంటే అంత ఉచితంగా తోలుకెళ్ళమన్నారు. ఉచితంగా ఇచ్చినదాన్ని అనుమానించే తెలివి ఆ లోయలో ఎవరికీ లేకపోయింది. ఖనిజం తీసేశాక గని మిల్లు పారేసిన ఇసకతో గోడలు మెత్తింది అతని భార్య జీబెక్. బొంతలు కుట్టుకుంటూ ఆ ఇంట్లోనే బతుకంతా గడిపింది. గని గేటు కూడా తొక్కని మనిషి, నలభై ఏడేళ్ళకి నెత్తురు చెడి ఒక్క చలికాలంలో పోయింది. మొగుడి బట్టలతోపాటు గని దుమ్ము ఇంటికొచ్చి ఆమెని తిన్నదన్నారు ఊరివాళ్ళు. సాత్కిన్ కూడా నమ్మాడు. అప్పటి నుంచీ బట్టలు కొట్టంలో విప్పి, మూడు నీళ్ళు మార్చి ఒళ్ళు రుద్దుకుంటే గాని గడప దాటేవాడు కాదు. మనవరాలు అల్తినాయ్ పుట్టాక ఆ రుద్దుడు మరీ ఎక్కువై, మోచేతులు పుళ్ళు పడ్డాయి.

ఆ రోజు అతను కొట్టంలోకి పోలేదు. బూట్లతోనే లోపలికొచ్చాడు.

"నాలుగింటి బస్సుకి పిల్లని తీసుకుని మీ అమ్మ దగ్గరికి వెళ్ళు," అన్నాడు కోడలితో. "మళ్ళీ నేను పిలిచేదాకా రాకు."

బక్తిగుల్ పిండి చేతులతో అలాగే నిలబడిపోయింది. కొలతల గది సంగతి ఒర్మోన్ పెళ్ళాం అప్పుడే ఊరంతా మోసింది.

"మీ ఒంట్లోది పిల్లకి అంటుతుందనా, మామయ్యా? అలా అయితే మీరు కొట్టంలో పడుకోండి. రొట్టె, చాయ్ అక్కడికే తెస్తాను. మీ అబ్బాయి లారీ దిగి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటే ఏమనుకుంటాడు?"

"వాణ్ణీ అక్కడికే రమ్మంటాను. బట్టలు సర్దు."

"మిమ్మల్ని ఈ స్థితిలో వదిలి పోయిందని ఊరు నా మొహాన ఉమ్మేస్తుంది."

"ఉమ్మనీ."

ఆమె ఏడుస్తూ మూట కట్టింది. పొయ్యి గోడకి ఆనించి, వెచ్చగా ఉంటుందని వేసిన చెక్క ఉయ్యాలలో పిల్ల మేలుకుంది. సాత్కిన్ వంగి, జారిపోకుండా కట్టిన గుడ్డ కట్లు విప్పి పిల్లని ఎత్తుకున్నాడు. దాని బుగ్గని తన మాసిన చొక్కాకి అదుముకున్నాడు.

"మామయ్యా, కడుక్కోలేదు మీరు."

"ఇక అక్కర్లేదు."

అర్థంకాక ఆమె అతని మొహంలోకి చూసింది. పిల్ల మాత్రం అతని భుజం మీంచి ఉయ్యాల వైపే చేతులు చాపి గునుస్తోంది.

"మూడు రోజులుగా ఇదే గోల," అంది బక్తిగుల్ కళ్ళు తుడుచుకుంటూ. "పట్టుకు లాగడానికి ఏదీ లేదని దానికి కోపం."

ఉయ్యాల పైకమ్మీకి దిష్టి తగలకుండా కట్టినవన్నీ వరసగా వేలాడుతున్నాయి. గుడ్లగూబ ఈక, తోడేలు గోరు, జీబెక్ నీలిపూసలు, వాటి పక్కన ఒక ఖాళీ దారం.

ఆర్నెల్లూ సాత్కిన్ బిళ్ళ గనిలోకి దిగకుండా ఆ దారానికే వేలాడింది.