నాలుగు క్రెడిట్లు

"శుక్రవారం సాయంత్రం అయిదింటికి ఆఖరు. ఆ తర్వాత నువ్వు ఏడ్చి మొత్తుకున్నా ఇవ్వరు," అన్నాడు కేశవరావు, లాప్‌టాప్‌ని కూతురి వైపు తిప్పుతూ.

అక్షర కంచంలోంచి తలెత్తలేదు. "నాకొద్దు నాన్నా."

సింగపూర్ బెడోక్‌లో పదకొండో అంతస్తులో ఉన్న ఆ ఫ్లాట్‌లో మూడు రోజులుగా ఇదే గొడవ. స్కూల్లో ఉండగా అక్షర రాసిన ఏపీ స్టాటిస్టిక్స్ పరీక్షలో అయిదుకి అయిదు వచ్చాయి. ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్ కాదని, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష అని అప్పట్లో కాకినాడ బంధువులందరికీ కేశవరావు పేరుపేరునా ఫోన్ చేసి చెప్పుకున్నాడు. ఇప్పుడు ఆ మార్కులు జతచేసి ఒక ఫారం పంపితే చాలు, మొదటి ఏడాది స్టాటిస్టిక్స్ క్లాసులో కూర్చోకుండానే యూనివర్సిటీ నాలుగు క్రెడిట్లు ఇచ్చేస్తుంది. ఆ ఖాళీలో రెండో ఏడాది కోర్సు ఒకటి ముందే చదవొచ్చు. అది చదివితేనే మే సెలవుల్లో ఇంటర్న్‌షిప్‌కి పిలుస్తారు.

"వచ్చిన పాఠమే మళ్ళీ కూర్చుని వింటానంటావేంటే?"

"ఆ క్లాసులో ఒకరికి హెల్ప్ చేస్తున్నా. నేను మానేస్తే వాళ్ళూ మానేస్తారు. అంతే లా," అంది సింగపూర్ యాసలో.

కేశవరావు చెయ్యి ముద్ద దగ్గర ఆగిపోయింది. ఒకరు. మానేస్తారు. ఆడపిల్లయితే 'మానేస్తుంది' అనేది. మగపిల్లాడైతే 'మానేస్తాడు' అనాలి. మధ్యలో ఈ మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

సుభద్ర పెరుగు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. "నాన్న చెప్పినట్టు ఆ ఫారం పంపించెయ్ అమ్మలూ. ఎవరి కోసమో నువ్వు వెనకపడితే ఎలా? వాళ్ళ తిప్పలు వాళ్ళు పడతారు."

"పడలేరు. నీకూ తెలుసు," అంది అక్షర. కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది.

కేశవరావు భార్య వైపు తిరిగాడు. "ఎవరో నీకు తెలుసా?"

"తెలుసండీ."

"మంచివాళ్ళేనా?"

సుభద్ర ఆయన కంచంలో పెరుగు వేసింది. "మంచికేం లోటు లేదు. లెక్కల్లోనే కాస్త మొద్దు."

"నవ్వకు. అవతల పిల్ల వెనకబడిపోతోంది."

సుభద్ర మొహంలో నవ్వు పోయింది. "నేనూ అదే చెప్తున్నా దానికి. వినట్లేదు," అంటూ వంటింట్లోకి వెళ్ళింది.

అక్షరకి ఆ క్లాసు మంగళవారం సాయంత్రం అని తెలిసి, కేశవరావు ఆ రోజు ఆఫీసు నుంచి గంట ముందే బయటపడ్డాడు. మంగళవారాలు సుభద్ర సెరంగూన్ రోడ్డులో గుడికి పారాయణానికి వెళ్తుంది కనుక ఇంటికి ఆలస్యమైనా అడిగేవాళ్ళు లేరు. ట్రైన్లో దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాడు. బాబూ, నువ్వెవరో నాకు తెలీదు. మా అమ్మాయి భవిష్యత్తు విషయం. ఆ తర్వాత గొంతు పెంచాలో తగ్గించాలో మాత్రం తేల్చుకోలేకపోయాడు.

యూనివర్సిటీలో సాయంత్రం క్లాసు మొదలవబోతోంది. కుర్రవాళ్ళూ, ఉద్యోగాల నుంచి నేరుగా వచ్చినవాళ్ళూ కలిసి లోపలికి వెళ్తున్నారు. తలుపు బయట నీళ్ళ సీసా నింపుకుంటున్న అక్షర తండ్రిని చూసి నిర్ఘాంతపోయింది.

"నాన్నా! నువ్వేంటి ఇక్కడ?"

"ఎవరతను?"

"అతనని ఎవరన్నారు?"

"మరెవరో చెప్పవేం?"

అక్షర మెట్ల మీద కూర్చుంది. ఆయన కూడా పక్కన కూర్చోక తప్పలేదు.

"చదువంటే చాలా ఇష్టం నాన్నా వాళ్ళకి. ఒకసారి మధ్యలో ఆగిపోయింది. ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టారు. మొదటి క్లాసులో బోర్డు మీద సిగ్మా గుర్తు చూడగానే పుస్తకం మూసేసి బయటికొచ్చి, ఈ మెట్ల మీదే కూర్చుని, నా వల్ల కాదన్నారు. నేను పక్కనే కూర్చుంటానని మాటిచ్చాను."

"ఇంట్లో ధైర్యం చెప్పేవాళ్ళు లేరా?"

"ఇంట్లో చెప్పనేలేదు. పాసయ్యాక చెప్తారట. ఫెయిలైతే ఎవరికీ తెలీకుండా పోతుంది కదా అని."

కేశవరావు మనసు చివుక్కుమంది. "అంత భయపెట్టేవాళ్ళా ఆ ఇంట్లోవాళ్ళు?"

"లేదు నాన్నా. చాలా మంచివాళ్ళు. కోప్పడరు కూడా. నీకేం చదవాలనుంది అని ఎప్పుడూ అడగలేదు, అంతే."

కేశవరావుకి తన ఇంటర్మీడియట్ హాస్టల్ గుర్తొచ్చింది. ట్రిగొనామెట్రీ అంతుపట్టక పెట్టె సర్దుకున్న రోజున, పక్క మంచం కుర్రాడు పెట్టెలోంచి పుస్తకం తీసి, తన పక్కన కూర్చుని మొదటి లెక్క చేయించాడు. ఆ కుర్రాడి పేరు ఎంత ఆలోచించినా జ్ఞాపకం రాలేదు.

"ఆ ఫారం సంగతి వదిలెయ్," అన్నాడు చివరికి. "ఇంటర్న్‌షిప్ పైఏడు చూసుకుందాం."

అక్షర ఆయన చెయ్యి పట్టుకుంది. "నిజంగానా?"

"నిజంగానే. ఇంకో మాట. వాళ్ళింటికి నేనొచ్చి మాట్లాడనా? చదువుకోవడానికి దాక్కోవాల్సిన ఖర్మేంటి? ఆ ఇంటి పెద్దమనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు చివాట్లు పెట్టాలి."

అక్షర నవ్వబోయింది. నవ్వుకంటే ముందు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "పెడుదువుగానిలే, రా," అంటూ ఆయన్ని లేవదీసి, తలుపు తోసి లోపలికి తీసుకెళ్ళింది.

"ఏరీ?" అన్నాడు కేశవరావు మెల్లగా.

అక్షర మూడో వరస వైపు చూపించింది.

పెన్సిలు కొన కొరుక్కుంటూ సుభద్ర కూర్చుని ఉంది.