పదోసారి అడిగినా

“పదోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే జవాబు చెప్పండి” అని మైకులో చెప్పి వచ్చి, కరపత్రాల బల్ల దగ్గర నిలబడ్డాను. అల్జీమర్స్ గురించి అందరికీ తెలియజెప్పే సభ అది. నేను వాలంటీరుని. అందుకే నీలం కోటు, నీలం టోపీ.

వెనక వరుసలోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది.

“టైమెంతమ్మా?”

“అయిదుంపావండీ.”

నాలుగుసార్లు అడిగింది. నాలుగుసార్లూ నవ్వుతూనే చెప్పాను.

“మీ ఓపికకి దణ్ణం పెట్టాలి. మీకు తెలిసినావిడా?” పక్కనున్న డాక్టరు అడిగారు.

“తెలీదండీ.” ఆ మాట నోట్లోంచి అంత సులువుగా ఎలా వచ్చిందో.

పెద్దావిడ ఇంకో కరపత్రం తీసుకుంది. “ఇది మా అమ్మాయికి. ఏదైనా రెండోసారి అడిగితే చాలు, ఇంతెత్తున లేస్తుంది. ఇక్కడే ఎక్కడో ఉండాలి. నువ్వు కాస్త చెప్పమ్మా, నీ మాటైతే వింటుంది.”

“చెప్తానండీ,” అన్నాను. డాక్టరు ఇంకా పక్కనే ఉన్నారు.

సభ అయ్యాక కోటూ టోపీ తీసేసి ఆవిడ దగ్గరికి వెళ్ళాను. నన్ను చూడగానే కరపత్రం గబుక్కున వెనక దాచుకుంది.

“నేనెవర్నీ ఏమీ అడగలేదే,” అంది అమ్మ.