ముసలి ఎలుక వాటా

పొలం గట్టు కింద బొరియలో మీసాలప్ప అనే ఎలుక పెళ్లాంతో, ముసలి తల్లితో కాపురం ఉండేవాడు. వానాకాలం ముంచుకొస్తోందని ఉలవలు మోసుకొచ్చి కొట్టు నింపసాగాడు.

"అత్తమ్మకు పళ్లూడిపోయాయి. కాసిని నువ్వులైనా దాచండి," అంది పెళ్లాం.

"నువ్వులకు చీమలు పడతాయి. ఉలవలైతే ఏడాదైనా చెక్కుచెదరవు," అన్నాడు మీసాలప్ప.

"నా ఒక్కదాని కోసం వేరే ఎందుకులేమ్మా! ఎలాగో నమిలేస్తాను," అంది తల్లి.

వాన పట్టుకుంది. నీళ్లు లోపలికి రాకుండా మీసాలప్ప బొరియ నోరు మట్టితో మూసేశాడు. రోజూ ఆ చీకట్లోనే తల్లి ముందు ఆమె వాటా పోసి, "తిన్నావా అమ్మా?" అని అడిగేవాడు.

"తిన్నాను నాయనా, కడుపు నిండింది," అనేది ఆమె.

పక్షం రోజులకు వాన వెలిసింది. మట్టి తీయగానే బొరియలోకి వెలుతురొచ్చింది. తల్లి మాత్రం లేవలేదు. కొడుకు ఆమెను ఎత్తబోతే, పడుకున్న గడ్డి కింద నుంచి ఉలవలు జలజలా రాలాయి. ఒక్కటీ పగల్లేదు.

"అమ్మ ఆకలని ఒక్క మాటైనా అనలేదేమే!" అని మీసాలప్ప బావురుమన్నాడు.

పెళ్లాం అత్తగారి తల నిమురుతూ నెమ్మదిగా అంది:

"ఆకలని అంటే మీరు ఆ వానలో బయటికి పోతారని భయపడి ఉంటుంది."