షబ్బూ చొక్కా

"అమ్మా, పిల్లి ఏడుస్తున్నది. ఆకలైతున్నదేమో, జర చూడున్రి."

గోడ అవతల నుంచి మళ్లీ అదే గొంతు.

గుల్జార్ బేగం కుట్టు మిషన్ ఆపింది. అసలే అనుమానం ముందు పుట్టి ఆమె తర్వాత పుట్టింది. బండల పాలిషింగు పనికి నిరుడు కర్ణాటక నుంచి తాండూరు వచ్చి, వెనక సందులో మొగులమ్మ ఇంట్లో గది అద్దెకు తీసుకున్నాడు ఈ భీమప్ప. రోజూ పొద్దుగూకే వేళ గోడ దగ్గర నిలబడి ఆమె పిల్లి షబ్బూను చూసిపోతాడు. ఇవాళేమో చంకలో సంచితో తెల్లారగానే దిగాడు. పరాయి వాళ్ల పిల్లిని ఊరికే ఎవరైనా అంతసేపు చూస్తారా?

భర్త పోయాక ఆ ఇంట్లో ఆమె మాటలు వినే ప్రాణి షబ్బూ ఒక్కటే. మొన్నటి వానల్లో ఎక్కడి నుంచో వచ్చి, మిషన్ పక్కన ముడుచుకుని పడుకుంది. మళ్లీ పోలేదు. అంతకుముందున్న పిల్లి ఈనలేక ఆమె ఒళ్లోనే ప్రాణం విడిచింది. ఇది కూడా అలా పోతే తట్టుకోవడం తన వల్ల కాదు. అందుకే, ఈత బాధ లేకుండా ఆపరేషన్ చేయించాలనుకుంది.

వికారాబాద్ డాక్టరమ్మ ఫోన్లో అన్నీ చెప్పింది. రాత్రి నుంచి మెతుకు పెట్టొద్దంది. కడుపులో తిండి ఉంటే మత్తులో కక్కుకుని ప్రాణం మీదికి వస్తుందట. తర్వాత కుట్లు నాకకుండా చూసుకోమంది. అందుకే గుల్జార్ బేగం తన పాత కుర్తా చేయి కత్తిరించి, కాళ్లకు కంతలు పెట్టి షబ్బూకు చొక్కా కుడుతోంది.

"ఆపరేషన్‌కు తీస్కపోతున్న. తినొద్దు. నువ్వు పో."

"ఆపరేషనా? దానికెందుకమ్మా, దానికి..."

"నడుమ నీకెందుకు? నువ్వేమన్న దాని అయ్యవా?"

భీమప్ప తల దించుకున్నాడు.

"ఒక్కసారి చూపియ్యున్రి అమ్మా. చూసి పోత."

అంటూనే జేబులోంచి పొట్లం తీశాడు. ఎండుచేప వాసన గుప్పుమంది. గుల్జార్ బేగం ఒళ్లు మండిపోయింది.

"దాన్ని సంపుదామనొచ్చినవా? ఇంకోసారి గీ గోడకాడ కనబడకు."

సందంతా వినబడేలా అరిచింది. ఆయన పొట్లం మడిచి జేబులో పెట్టుకుని, సంచి సర్దుకుని వెళ్లిపోయాడు.

షబ్బూను బుట్టలో పెట్టుకుని ఆమె రైలెక్కింది. ఆసుపత్రిలో పిల్లిని లోపలికి తీసుకుపోయాక, బల్ల మీద కూర్చుని దువా చేసుకుంటూ ఉంది. అనుకున్నదానికంటే ముందే డాక్టరమ్మ బయటకు వచ్చింది. గుల్జార్ బేగం బల్ల మీంచి లేచి ఎదురువెళ్లింది.

"భయపడకమ్మా, మంచిగుంది. మత్తిచ్చి పొట్ట మీద బొచ్చు తీస్తే పాత కుట్ల మచ్చ కనబడ్డది. దీనికి ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. ఎవరోగని పాణం పెట్టి చూసుకున్నరు."

తిరుగు రైల్లో భీమప్ప మాటే చెవిలో మోగుతూ ఉంది. దానికెందుకమ్మా, దానికి... ఆ మనిషిని మాట పూర్తి చేయనియ్యలేదు తను.

దిగగానే నేరుగా వెనక సందులోకి నడిచింది. గది తలుపు తీసే ఉంది. మొగులమ్మ ఊడుస్తోంది.

"భీమప్పనా? ఈడ పని అయిపోయింది. పొద్దుగాల్నే పోయిండు. ఇగ రాడు."

"ఏ ఊరు ఆయనది?"

"నేనెన్నడు అడగలే."

బుట్టలో షబ్బూ తల ఎత్తింది. మత్తు పూర్తిగా దిగకపోయినా, ఆ గది వాసన పట్టి సన్నగా అరిచింది.

గుల్జార్ బేగం చూపు తలుపు వెనక మేకు మీద పడింది. పాత బనీను కత్తిరించి, కాళ్లకు కంతలు పెట్టి, చేత్తో వంకరటింకరగా కుట్టిన చిన్న చొక్కా అక్కడ వేలాడుతోంది. ఆమె దాన్ని అందుకుని గుండెకు అదుముకుంది. కళ్లలో నీళ్లు ఆగలేదు.

మొగులమ్మ చీపురు పక్కన పెట్టింది.

"నీకు చెప్పొద్దన్నడు గుల్జారమ్మా... 'నాకు పనికాడ నలుగురున్నరు, ఆ అమ్మకు ఎవ్వరు లేరు, నా పిల్లిని ఆడ్నే ఉండనియ్యి' అన్నడు."