అడుగు లేని గూడు

అమ్మా, అయ్యా, కాస్త దగ్గరికి జరిగి వినండి. ఆ భగవంతుడు గిజిగాడికి నేత నేర్పుతూ ఒక షరతు పెట్టాడు. గూడు సగం అల్లి ఆడపిట్టకు చూపించాలి, ఆవిడ సరేనంటేనే గూటికి అడుగుభాగం వెయ్యాలి.

మన గిజిగాడి సగం గూడును ముగ్గురు ఆడపిట్టలు చూసి మూతి తిప్పుకుని పోయారు. నాలుగోసారి నెమలిగారు వచ్చారు. ఎవరూ పట్టించుకోని కళాకారుల కోసం ఆయన తుమ్మచెట్టు మీద గ్యాలరీ నడుపుతున్నారు.

"అడుగే లేని గూడు. ఎంత ప్రయోగం నాయనా" అంటూ ఆయన ఆ గూడు వేలాడే కొమ్మను కూడా గ్యాలరీలో కలిపేసుకున్నారు. అడవంతా వచ్చి తలలూపింది. గిజిగాడి ఛాతీ ఉబ్బిపోయింది.

ఆ గుంపులోంచి ఒక ఆడపిట్ట గూట్లో దూరి పోచలు లాగి చూసింది.

"గట్టిగానే ఉంది. అడుగు వేస్తావా? రేపో మాపో గుడ్లు పెట్టాలి."

"వేశావంటే ఇది వట్టి గూడైపోతుందిరా. నిన్నిక ఎవరూ చూడరు" అన్నారు నెమలిగారు.

గిజిగాడు జనం వంక చూశాడు, ఆమె వంక చూశాడు. రాముడికో దణ్ణం పెట్టుకుని గడ్డిపోచ అందుకున్నాడు.

నెల తిరిగాక నెమలిగారు కొత్త అతిథులను అటు తీసుకొచ్చి, "మంచి కళాకారుడే పాపం, సంసారంలో పడి చెడిపోయాడు" అన్నారు. ఆ మాట ఎవరికీ వినబడలేదు. గూట్లో మూడు పిల్లలు ఆకలికి గోల చేస్తున్నాయి మరి.