మిర్రర్ ఊడిన పొద్దున

“అలా పట్టుకుని నించుంటే అదే అతుక్కుంటుందా? ఇటియ్యి!” అంది తల్లి, డ్రైవర్ సీట్లోంచి చెయ్యి చాపి.

కూతురు మిర్రర్‌ని ఆ చేతిలో పెట్టింది. స్కూలు వ్యాను ముందద్దం మీద అది ఉండాల్సిన చోట ఎండిన జిగురు పెచ్చు ఒక్కటే మిగిలింది.

“నిన్న సాయంత్రం కూడా రాయిలా ఉంది. ఎండలకి జిగురు వదిలేసినట్టుంది,” అని విసుక్కుంది తల్లి.

కూతురు తలొంచుకుని, జిగురు ట్యూబు తెచ్చి తల్లి పక్కన పెట్టింది. వెనకేముందో కనబడకుండా పిల్లల బండి వీధిలోకి దిగకూడదు. దిగకపోతే స్కూలు మేనేజరు ఊరుకోడు. ఇంకొక్కసారి ఆలస్యమైతే వ్యాను వేరేవాళ్ల చేతికిస్తానని మొన్ననే మొహం మీద చెప్పేశాడు. భర్త పోయాక తల్లి ఆ స్టీరింగ్ పట్టుకునే సంసారం ఈదుకొచ్చింది. కూతుర్ని చదివించింది, పెళ్లి చేసింది. ఆ సీట్లోంచి దిగిపొమ్మంటే ఆవిడ ప్రాణం తీసినట్టే.

“మెకానిక్‌ని పిలవనా అమ్మా?”

“ఆయనొచ్చి, టీ తాగి, లోకంలో సంగతులన్నీ చెప్పేసరికి బడి వదిలేస్తారు. బ్లేడు అందుకో.”

తల్లి పెచ్చు గీకింది. గుడ్డతో తుడిచింది. బొటనవేలితో గాజంతా తడిమి, గరుగ్గా తగిలిన చోట మళ్లీ గీకింది.

“బయటినుంచి స్కెచ్ పెన్‌తో గుర్తు పెట్టనా? వంకర పోకుండా ఉంటుంది.”

“నాకు గుర్తులు పెడతావుటే! ఈ బండిలో ఏది ఎక్కడుందో నా వేళ్లకి తెలుసు. ఆ ట్యూబు మీద ఏం రాశాడో చదువు. చీమ తలకాయంత అక్షరాలు వేసి చస్తారు.”

“మిర్రర్ తగిలించే ఇనుప బిళ్లకి పల్చగా రాయాలట. గాజుకేసి గట్టిగా నొక్కి పట్టుకోవాలట. బాగా ఆరేదాకా మిర్రర్ తగిలించకూడదట.”

తల్లి బిళ్లకు జిగురు రాసి గాజుకు అదిమింది. సరిగ్గా పాత చోటే, వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు. అది చూసి కూతురు పెదవి కొరుక్కుంది.

“ఏమే, అలా బిక్కమొహం వేశావు? ఆలస్యం కాదులే.”

“ఇవాళొక్కరోజు సెలవు పెట్టకూడదా అమ్మా?”

“ఎందుకూ?” తల్లి గొంతు గట్టిపడింది. “ఇన్నేళ్లలో నా చేతిలో ఏ పిల్లకైనా చిన్న గీత పడిందా? పువ్వుల్లో పెట్టి తిప్పాను.”

“పడిందని నేననలేదు.”

“అనకు మరి.”

జిగురు ఘాటు ముక్కుపుటాలదరగొడుతోంది. గాలాడుతుందని కూతురు పక్క తలుపు బార్లా తెరిచింది. “మా పాప బడికి తయారైందేమో చూసొస్తా,” అని ఇంట్లోకి వెళ్లింది.

అంతలో మేనేజరు ఫోను. “బయల్దేరుతున్నా సార్... లేదు సార్, ఏమీ కాలేదు. చిన్న పని, అయిపోవచ్చింది... ఇవాళ ఆలస్యం కాదు సార్, నాదీ పూచీ,” అంటూ తల్లి చెమటలు కక్కింది. ఫోను పెట్టేసరికి కూతురు పక్క తలుపు మెల్లగా మూసి, డ్రైవర్ తలుపు దగ్గరికొచ్చి నించుంది.

“వింటున్నావా వాడి మాటలు? నన్ను దింపెయ్యడానికి కాచుక్కూర్చున్నాడు,” అంది తల్లి. బిళ్లను వేలితో నొక్కి చూసింది, కదల్లేదు. మిర్రర్‌ని దానికి తొడిగి మెల్లగా చెయ్యి వదిలింది.

మిర్రర్ నిలిచింది.

“చూశావా, ఉడుంపట్టు!” తల్లి మొహం వెలిగిపోయింది. తాళం తిప్పబోయింది.

“ఆగమ్మా.” కూతురు స్టీరింగ్ మీద చెయ్యి వేసింది. “వెనకంతా సరిగ్గా కనబడుతోందా?”

తల్లి మిర్రర్‌ని ఇంకాస్త తిప్పింది. మెడ చాచి తీరిగ్గా చూసింది.

“సీటు సీటూ కనబడుతోంది. అన్నీ ఖాళీ, ఇక పిల్లల్ని నింపుకోవడమే తరువాయి. నీ కూతుర్ని తొందరగా తీసుకురా, మొదట ఎక్కేది అదే కదా.”

కూతురు కదల్లేదు. లోపలికి చెయ్యి పెట్టి బండి తాళం లాగేసుకుంది.

“ఏంటే ఇది? పిచ్చి పట్టిందా?” అని అరిచింది తల్లి.

కూతురు తాళాన్ని గుప్పిట్లో బిగించింది. కళ్లనీళ్లు ధారగా కారిపోతున్నాయి.

నడిమి సీట్లోంచి పాప అమ్మమ్మకు చెయ్యి ఊపుతూనే ఉంది.